పచ్చదనం మాటల్లోనా, లెక్కల్లోనా?

వికారాబాదులో రైలెక్కి తాండూరులో దిగేవాళ్ళకి నాపరాళ్ళ గుట్టలనూ, సిమెంటు దుమ్మునూ పరిచయం చేయనక్కర్లేదు. సున్నపురాయి ఈ ప్రాంతానికి కూడు పెట్టింది, కాదనలేం. అయితే నేడు సిమెంటు కంపెనీలు "హరిత సిమెంటు" అంటూ పత్రికలకు ప్రకటనలు పంపుతున్నాయి.

అందులో కొంత నిజం లేకపోలేదు. థర్మల్ కేంద్రాల బూడిదను ప్రమాణాల ప్రకారం 15 నుంచి 35 శాతం దాకా కలపవచ్చు. ఆ మేరకు క్లింకరు తగ్గుతుంది. సిమెంటు తయారీలో బొగ్గుపులుసు వాయువు సగానికి పైగా వచ్చేది కాలిన సున్నపురాయి నుంచే గనుక అదీ తగ్గుతుంది. మరి ఎంత కలిపారు? ఎంత తగ్గింది? ఎవరు కొలిచారు? ఇవి చెప్పకుండా ఆకు బొమ్మ వేస్తే అది ప్రచారమే గాని సమాచారం కాదు. ఋజువు లేని ఇలాంటి మాటలకు అడ్డుకట్ట వేస్తూ 2024 అక్టోబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ మార్గదర్శకాలు కూడా తెచ్చింది.

మనలో కొందరు రేపు ఇటువంటి కంపెనీల్లో ప్రచారాధికారులు కావచ్చు. వారికి నా మనవి ఒక్కటే. ప్రకటనను హైదరాబాదు విలేఖరికి పంపేముందు తాండూరు కందిరైతుకు తెలుగులో చదివి వినిపించండి. ఆయన చేలో కంది ఆకు మీది దుమ్ము సంగతి అందులో లేదా? చింపేసి మళ్ళీ రాయండి!