దుకాణం అమరికే సగం బేరం

వినియోగదారుడు ఏ వాకిలిన ప్రవేశించాలి, ఏ దారిన నడవాలి, ఎక్కడ ఆగాలి అన్న అంశాలు చిల్లర వర్తకంలో ధర, నాణ్యతలతో సమానమైన ప్రాధాన్యం సంతరించుకున్నాయి. అయితే అమరిక ఒక్కటే వ్యాపారాన్ని నిలబెట్టజాలదని దేశంలోని అనుభవం స్పష్టం చేస్తోంది.

సరుకులను కొనుగోలుదారే స్వయంగా ఎంచుకునే పద్ధతికి అమెరికాలోని మెంఫిస్ నగరంలో 1916లో క్లారెన్స్ సాండర్స్ శ్రీకారం చుట్టారు. ఆయన నెలకొల్పిన పిగ్లీ విగ్లీ దుకాణంలో ప్రవేశించినవారు అన్ని అరలనూ దాటుకుంటూ బిల్లు చెల్లించే చోటికి చేరవలసి ఉండేది. ఈ ఏర్పాటుకు మరుసటి ఏడాది పేటెంటు లభించింది. నిత్యావసరాలను వెనుక భాగాన, లాభసాటి సరుకులను కంటి ఎత్తున, చాక్లెట్ల వంటివాటిని బిల్లు కౌంటరు వద్ద ఉంచే నేటి ఆనవాయితీ వెనుక ఉన్నదీ ఇదే సూత్రం.

భారత్‌లో పరిస్థితి భిన్నం. కిరాణా కొట్టులో కొనుగోలుదారు బల్లకు ఇవతలే నిలబడతాడు. సరుకు తీసి ఇచ్చేది దుకాణదారు. 2001లో కోల్‌కతా, బెంగుళూరు, హైదరాబాద్‌లలో బిగ్ బజార్‌ను ప్రారంభించిన కిశోర్ బియానీ ఈ తేడాను గుర్తించారు. విశాలమైన, నిశ్శబ్దమైన దారులను చూస్తే ఇక్కడ ధరలు అధికమని మధ్యతరగతి ప్రజలు జంకుతారన్నది ఆయన అంచనా. అందుకే దారులను ఇరుకు చేసి, సరుకును గంపగుత్తగా పోయించి, సంత వాతావరణం కల్పించారు.

ఈ వ్యూహానికి మరో పార్శ్వమూ ఉంది. 2006 జనవరి 26న ప్రకటించిన చౌక అమ్మకాలకు జనం పోటెత్తడంతో పలుచోట్ల అదుపు చేయడమే దుస్సాధ్యమయింది. రద్దీ అమ్మకాలను పెంచుతుంది. అదే రద్దీ హద్దు మీరితే ప్రాణాల మీదకు వస్తుంది.

స్వీడన్‌లో పుట్టిన ఐకియా ఇందుకు భిన్నమైన మార్గం అనుసరించింది. 2018 ఆగస్టు 9న హైదరాబాద్‌లో ప్రారంభమైన ఆ సంస్థ తొలి భారతీయ విక్రయశాల విస్తీర్ణం సుమారు 4 లక్షల చదరపు అడుగులు. బాణం గుర్తుల వెంట నడిచే సందర్శకుడు గదుల నమూనాలన్నీ చూసిన తర్వాతే బయటపడే విధంగా దారిని తీర్చారు. మధ్యలో వెయ్యి మంది కూర్చోగల భోజనశాల ఏర్పాటు చేశారు. ఎక్కువసేపు గడిపినవారు ఎక్కువ కొంటారన్నదే ఇందులోని తర్కం.

కాగా, జనాన్ని ఆకట్టుకున్న బిగ్ బజార్ సైతం అప్పుల భారం నుంచి తప్పించుకోలేకపోయింది. దానిని నడిపిన ఫ్యూచర్ రిటైల్ సంస్థపై 2022 జూలైలో దివాలా ప్రక్రియ మొదలయింది. అమరిక కొనుగోలుదారును అర వరకు మాత్రమే నడిపించగలదు. అద్దె, వడ్డీ భారాలను తీర్చజాలదు.

బల్ల తొలగించి స్వయంసేవ పద్ధతికి మళ్లుతున్న చిన్న వర్తకులకు ఈ పరిణామాలు మార్గదర్శకం కాగలవు. వాకిలికి అడ్డంగా బస్తాలు పేర్చకపోవడం, ఇద్దరు ఎదురుపడినా తప్పుకోగల దారి విడవడం, బరువైన సరుకును కింది అరల్లో ఉంచడం పెద్దగా ఖర్చు లేని మార్పులు. వీటివల్ల అమ్మకాలు పెరగడమే కాక, అగ్నిప్రమాదం వంటి ఆపద సంభవిస్తే లోపలివారు క్షేమంగా బయటపడే అవకాశం ఉంటుంది. ఎన్నో ఏళ్లుగా గడప తొక్కుతున్న ఖాతాదారుల అవసరాలు తెలిసి ఉండటం చిన్న దుకాణదారుకు ఎలాగూ ఉన్న బలం. ఆ బలానికి సక్రమమైన అమరిక తోడైతే పెద్ద సంస్థల పోటీని తట్టుకోవడం అసాధ్యమేమీ కాదు.