రక్తమిస్తే గానీ మనిషి కాడా?

మన సీరియల్ నవలల్లో ఒక ఆసుపత్రి ఉంటుంది. బందరులో బస్సెక్కి గుడివాడలో దిగేలోపు అయిపోయే చిన్న నవలైనా సరే, చివరికి అందరూ అక్కడికే చేరతారు. పాలేరు ముట్టుకున్న చెంబును మళ్ళీ తోమించే పెద్దావిడకి హఠాత్తుగా రక్తం కావాల్సి వస్తుంది. ఆ గ్రూపు ఊరంతటికీ ఆ పాలేరు కొడుక్కే ఉంటుంది! అతను ఇస్తాడు. ఆవిడ కళ్ళు తెరిచి, "అందరి రక్తమూ ఎరుపేరా నాయనా" అంటుంది. మనం పైటచెంగుతో కళ్ళొత్తుకుంటాం.

నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. గ్రూపు కలవకపోతే అతను మనిషి కాకుండా పోయేవాడా?

ఈ జబ్బు మనతో పుట్టింది కాదు లెండి. అమెరికాలో 1852లో వచ్చిన "అంకుల్ టామ్స్ కాబిన్"లో నల్లజాతి బానిస టామ్ నదిలో దూకి తెల్లపిల్లను కాపాడతాడు. రచయిత్రి హారియట్ బీచర్ స్టో బానిసత్వాన్ని నిజంగానే అసహ్యించుకుంది. అయినా పాపం టామ్‌కి ఈత పరీక్ష తప్పలేదు. మనకి 1938లో గూడవల్లి రామబ్రహ్మంగారి "మాలపిల్ల"లో నిప్పు పరీక్ష. మంటల్లో చిక్కిన శాస్త్రిగారి భార్యను అంటరానివాడన్న మనిషి బయటికి తెచ్చాకే ఆయన మనసు మారుతుంది. ఆ రోజుల్లో ఆ సినిమా తీయడం సాహసమే, కాదనను. 80 ఏళ్ళు దాటినా మనమింకా ఇళ్ళు తగలబెడుతూనే ఉన్నామే!

మా దివిసీమ గురించి రాసేవాళ్ళయితే 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను పట్టుకొస్తారు. ఉప్పెనకు కులం లేదట, అందరినీ ఒకటి చేసిందట. నీటికి లేదు, నిజమే. పల్లంలో వేసిన పూరిగుడిసెకూ, మెరక మీది మేడకూ ఉంది.

గుడివాడలో ఒక టీచరమ్మ నన్ను నిలదీసింది: "మీ రచయిత్రుల కథల్లో మావాళ్ళు ఎప్పుడూ ఎవర్నో ఒకర్ని రక్షిస్తూనే ఉంటారేమండీ? ఒక్కపూట తీరిగ్గా కూచుని కాఫీ తాగరా?"

అవమానాన్ని తట్టుకునే దారులు వాళ్ళకి లేవనా? ఉన్నవ లక్ష్మీనారాయణగారి "మాలపల్లి"లోనే, సంగదాసు కామందు దెబ్బకు పోతే, తోడబుట్టిన వెంకటదాసు తిరగబడ్డాడు. కల్యాణరావుగారి "అంటరాని వసంతం" 2000లో వచ్చింది. అందులో తరతరాలకూ ఆటా పాటా ఆసరా. ఆ పాట ఏ పెద్దావిడ మెప్పు కోసమూ కాదు. తమ బతుకు తాము చెప్పుకోవడానికి.

ఈసారి మీరు చదివే సీరియల్లో ఆసుపత్రి కనబడితే, ఎడిటరుగారికి ఒక కార్డుముక్క రాసి పడేయండి. పెద్దావిడని బ్లడ్ బ్యాంకుకి పంపమని.