గాలి వీచిన ఆదివారం



2014 అక్టోబరు 12. విశాఖ వారికి ఆ తేదీ గుర్తుచేయనవసరం లేదు. ఆ ఆదివారం మా పెందుర్తిలో ఆరాధన జరగలేదు. మధ్యాహ్నానికి హుద్‌హుద్ తుఫాను విశాఖ వద్ద తీరం దాటింది. గాలి వేగం గంటకు 180 కిలోమీటర్లని తర్వాత పత్రికల్లో చదువుకున్నాం గాని, తలుపుకు బల్ల అడ్డం పెట్టి దానికి వీపు ఆనించి కూర్చున్నవారికి ఆ లెక్కలెక్కడివి? మరునాడు చూస్తే కొండలు మోడుబారి ఉన్నాయి. కరెంటు లేక మోటార్లు ఆగిపోగా చేతి బోరింగు దగ్గర బిందెలు బారులు తీరాయి.

తరువాతి ఆదివారం సాక్ష్యములకు సమయమిచ్చాను. ఒకరి తరువాత ఒకరు లేచారు. దేవుడు మా ఇంటి కప్పు కాపాడాడన్నారు. మా మీద పడవలసిన కొబ్బరిచెట్టు పక్కకు పడిందన్నారు. ఆ పక్కన ఎవరి ఇల్లుందో నేనడగలేదు. సంఘమంతా స్తోత్రం చెప్పింది, నేనూ చెప్పాను.

ఆరాధన ముగిశాక వెనుక వరుసలో కూర్చునే ఒక మామ్మ గుమ్మం దగ్గర ఆగింది. విధవరాలు, ఒంటరిది. "అయ్యగారూ, ఆయేల నానూ ప్రార్థన సేసినాను. మరి నా రేకులేటి ఎగిరిపోనాయి? దేవుడు ఆలింటికాడే ఉన్నాడా, నా ఇంటికాడ లేడా?"

శ్రమలను గూర్చి వేదాంత పాఠశాలలో పేజీలకు పేజీలు వ్రాసి మార్కులు తెచ్చుకున్నవాడను. నోట మాట రాలేదు.

ఆ రాత్రి కొవ్వొత్తి వెలుగులో 1 రాజులు 19వ అధ్యాయం తీశాను. కొండలను బద్దలుచేసిన ఆ గాలిలో యెహోవా లేడని అక్కడ ఉన్నది. దానిమీద ఎన్నోసార్లు ప్రసంగించాను. ఆ రాత్రి నా కన్ను నిలిచింది మాత్రం అంతకు ముందు భాగం మీద. ఏలీయా చెట్టు క్రింద పడి, ఇక నా ప్రాణం తీసుకొమ్మని అడిగాడు. దేవుడు అతని గద్దించలేదు, బోధించలేదు. దూత చేత రొట్టె, నీళ్లు పంపాడు. పడుకోనిచ్చాడు. లేపి మళ్లీ తినిపించాడు. మాటలన్నీ తరువాత.

సోమవారం పొద్దున్నే ఇద్దరు యౌవనస్థులను తీసుకొని బరకం మోసుకుపోయాను. మేము దానిని కట్టుచుండగా నా భార్య గంజి తెచ్చింది. మామ్మ త్రాగింది. ఆమె అడిగినదానికి ఆనాడు నేను జవాబు చెప్పలేదు, నేటివరకు చెప్పలేదు.

సాక్ష్యం చెప్పవద్దని నేననను. కప్పు నిలిచినవాడు కృతజ్ఞత చెప్పకపోతే ఎట్లా? అయితే కప్పు నిలిచింది గనుక దేవుడు మాతో ఉన్నాడని అన్నామంటే, ఎగిరిపోయినవారితో ఏమన్నట్టు? పౌలు ఎక్కిన ఓడలు మూడుసార్లు పగిలిపోయాయి (2 కొరింథీ 11:25). అవి పగలలేదని అతడెక్కడా చెప్పుకోలేదు. ఇప్పుడు మా సంఘంలో సాక్ష్యాల సమయంలో, జరగనిదాన్ని గూర్చి కూడా లేచి చెప్పవచ్చు. మొదట్లో ఎవరూ లేవలేదు. పెద్దలలో ఒకరికి ఇది నేటికీ నచ్చదు.

2020 మే 7 తెల్లవారుజామున, లాక్‌డౌన్ రోజులలో, గోపాలపట్నం దగ్గర ఆర్.ఆర్. వెంకటాపురంలో ఒక కర్మాగారం నుండి స్టైరీన్ విషవాయువు వెలువడింది. 12 మంది చనిపోయారు. కట్టుబట్టలతో జనం నాలుగు దిక్కులా పరుగెత్తారు. మా వైపు వచ్చినవారిలో ఒక కుటుంబం మామ్మ అరుగు మీద కూలబడింది. కరోనా భయానికి వీధిలో తలుపులన్నీ మూసి ఉన్నాయి. సంగతి తెలిసి, మూతికి గుడ్డ కట్టుకొని నేను వెళ్లేసరికి ఆ పిల్లలు చాప మీద నిద్రపోతున్నారు. మామ్మ పొయ్యి మీద గంజి కాస్తున్నది.

"ఆలనేటీ అడక్కండి అయ్యగారూ," అన్నది. "ముందు తొంగోనీండి."