రోమ్ నగరపు పార్కర్

అమెరికా జాజ్ దిగ్గజం చార్లీ పార్కర్ 1955లో 34 ఏళ్లకే చనిపోయాడు. అప్పటికే హెరాయిన్ అతణ్ని గుల్ల చేసేసింది. ఆ తర్వాత రెండేళ్లకు ఇటలీలోని రోమ్‌లో మాసిమో ఉర్బాని పుట్టాడు. అతనూ పార్కర్‌లాగే ఆల్టో శాక్సోఫోన్ పట్టాడు. టీనేజీలోనే పియానిస్టు జార్జియో గస్లీని బృందంలో చేరి, తర్వాత ట్రంపెట్ విద్వాంసుడు ఎన్రికో రావాతోనూ వాయించాడు.

ఎంత పాత పాటైనా సరే, బుద్ధిగా మొదలుపెడతాడు. రెండు నిమిషాలు తిరిగేసరికి స్వరాలు కట్టలు తెంచుకుంటాయి. పైస్థాయిలో ఆ వాద్యం పలికేది రాగమో ఏడుపో చెప్పలేం. 1987 నాటి ‘ఈజీ టు లవ్’ ఆల్బమ్ వినండి, తెలుస్తుంది.

పార్కర్‌లా వాయించాలంటే మత్తు కావాలని ఒక తరం కళాకారులు భ్రమపడ్డారు. అది తప్పని పార్కరే చెప్పాడు. విన్నదెవరు? ఉర్బానినీ హెరాయిన్ వదల్లేదు.

1993లో ‘ది బ్లెస్సింగ్’ ఆల్బమ్ రికార్డు చేశాడు. అందులో ‘బ్లూస్ ఫర్ బర్డ్’ అనే పాట ఉంది. బర్డ్ అంటే పార్కర్ ముద్దుపేరు. దానికి పియానో లేదు, డ్రమ్స్ లేవు. ఒక్క శాక్సోఫోన్, ఒక్క మనిషి. అదే ఏడాది జూన్‌లో, మోతాదు మించిన హెరాయిన్‌తో రోమ్‌లోనే కన్నుమూశాడు. అప్పటికి 36 ఏళ్లు.

ఇటలీలో అతని పేరిట జాజ్ కుర్రాళ్లకు పోటీ పెట్టి, బహుమతి ఇస్తూ వచ్చారు.