చాక్లెట్ రంగు నీళ్ళు

పోయిన ఆగస్టులో ఒక శుక్రవారం పొద్దున వైపర్ నీళ్ళు పోద్దామని కారు బానెట్ ఎత్తాను. పక్కనే ఉన్న కూలెంట్ డబ్బాలో ఆకుపచ్చ నీళ్ళకు బదులు చాక్లెట్ రంగు మడ్డి కనిపించింది. మూత తీసి వేలు పెట్టి చూస్తే జిడ్డు. నేను చదివిన ఇంజనీరింగ్ మెకానికల్ కాదు, ఎలక్ట్రానిక్స్. అయినా నీళ్ళలో నూనె ఉండకూడదని తెలియడానికి ఏ పట్టా అక్కర్లేదు కదా.

బండి పదేళ్ళు దాటిన ఆరు సిలిండర్ల ఎస్‌యూవీ. డిసెంబర్లో అమ్మానాన్నా విజిట్ వీసా మీద బహ్రెయిన్ వస్తున్నారు. ఇంజిన్ పోయిందంటే ఇంకో బండి కొనాలి, బండి కొంటే వాళ్ళ టికెట్ల డబ్బు దానికి పోతుంది. ఆ లెక్క వేసుకుంటూనే సల్మాబాద్ గ్యారేజీకి తీసుకెళ్ళాను.

మా మెకానిక్ జగిత్యాల వైపు మనిషి. గల్ఫ్‌కి వచ్చి ఇరవై ఏళ్ళయింది. "హెడ్ గ్యాస్కెట్ పోయిందంటావా అన్నా?" అని అడిగితే, "ఆగు సార్, ముందుగాల సూడనీ" అన్నాడు. రేడియేటర్ మూతి మీద నీలం ద్రవం ఉన్న గాజు గొట్టం పెట్టి ఇంజిన్ నడిపించాడు. సిలిండర్లో మండిన వాయువు నీళ్ళలోకి వస్తుంటే ఆ నీలం పసుపు అవుతుంది. పది నిమిషాలయినా నీలం నీలంగానే ఉంది. "గిది ఆయిల్ కూలర్ పని సార్. హెడ్డు విప్పుడు అవసరం లేదు" అన్నాడు. అప్పటిదాకా ఊపిరి బిగపట్టుకుని ఉన్నానని అప్పుడు తెలిసింది.

కంపెనీ బిగించిన ఆయిల్ కూలర్ ఇంజిన్‌కీ ఆయిల్ ఫిల్టర్‌కీ మధ్య ఉండే చిన్న డబ్బా. లోపల పలచటి రేకులు. ఒక పక్క నూనె, ఇంకో పక్క రేడియేటర్ నీళ్ళు. రేకు చిల్లు పడితే ఇంజిన్ నడుస్తున్నంతసేపూ నూనె ఒత్తిడిదే పైచేయి కాబట్టి నూనె నీళ్ళలోకి పోతుంది. ఇంజిన్ ఆపగానే నూనె ఒత్తిడి సున్నా, వేడి నీళ్ళ ఒత్తిడి మాత్రం కాసేపు అలాగే ఉంటుంది. అప్పుడు నీళ్ళు నూనెలోకి వస్తాయి. మనం ఇంట్లో ఏసీ కింద కూర్చుని టీ తాగుతుంటే కింద పార్కింగ్‌లో ఈ పని జరుగుతుంది. నీళ్ళు కలిసిన నూనె మజ్జిగలా మారి బేరింగులను తినేస్తుంది.

మళ్ళీ అదే డబ్బా వేయొచ్చు. లేదా ఆ డబ్బా తీసేసి, దాని నీటి గొట్టాలు రెండూ కలిపేసి, ముందు గ్రిల్ వెనక గాలితో చల్లబడే కూలర్ పెట్టొచ్చు. మా నాన్న బుల్లెట్ ఇంజిన్ చుట్టూ ఉండే రెక్కలు గుర్తున్నాయా? సూత్రం అదే. నూనెకీ నీటికీ మధ్య ఇక రేకే ఉండదు కాబట్టి కూలర్లో అవి కలిసే దారి లేదు. నేను రెండోదే ఎంచుకున్నాను. కంపెనీ వాళ్ళు ఆ డబ్బా ఊరికే పెట్టరన్న సంగతి మాత్రం అప్పుడు పట్టించుకోలేదు.

డిటర్జెంట్ నీళ్ళతో ఐదుసార్లు కడిగితే గాని మడ్డి వదల్లేదు. నూనెకు ఉబ్బిన రబ్బరు గొట్టాలన్నీ మార్చాడు. కొత్త కూలర్ ఎక్కడ పెట్టాలన్న దగ్గర ఇద్దరం కాసేపు వాదించుకున్నాం. అన్న నడిమధ్యలో పెడతానన్నాడు. అక్కడ పెడితే వెనకనున్న ఏసీ కండెన్సర్‌కి గాలి తగ్గుతుంది, ఆగస్టులో ఏసీ తగ్గితే ఇంట్లో నా పరిస్థితి మీకు చెప్పక్కర్లేదు. చివరికి కింద ఒక పక్కకి బిగించాం. గొట్టాలు ఇనుముకి రాసుకునే ప్రతిచోటా రబ్బరు తొడుగు వేయించాను. గొట్టం తెగితే నూనె మొత్తం రోడ్డు పాలు కావడానికి ఎంతోసేపు పట్టదు మరి.

నాలుగు నెలలు హాయిగా గడిచాయి. జనవరిలో, అమ్మానాన్నా ఇక్కడున్నప్పుడే, ఒక చల్లటి పొద్దున నూనె పోసే మూత తీస్తే లోపల తెల్లటి వెన్న! గుండె జారిపోయింది. కూలెంట్ చూస్తే స్వచ్ఛంగా ఉంది, మట్టం తగ్గలేదు. డిప్‌స్టిక్ మీద నూనె కూడా మామూలుగానే ఉంది. అన్న మూత చూసి నవ్వాడు. "నీళ్ళు రాలే సార్. నూనె వేడైతలేదు, గంతే."

కంపెనీ డబ్బా చేసే రెండో పని అప్పుడు తెలిసింది. పొద్దున్నే నీళ్ళు త్వరగా వేడెక్కి నూనెను కూడా వేడి చేస్తాయి. నూనె బాగా వేడెక్కితేనే లోపల చేరే తేమ ఆవిరై పోతుంది. నేను డబ్బు మిగుల్చుకుందామని థర్మోస్టాట్ లేని ప్లేటు వేయించాను. ఇంటి నుంచి ఆఫీసు పావుగంట. చలికాలం గాలికి నూనె వేడెక్కే లోపే ఇంజిన్ ఆపేస్తున్నాను. ఎడారి దేశంలో నూనె చల్లబడిపోతోందని చెబితే నాన్న నమ్మలేదు. సుమారు 80 డిగ్రీలు దాటాకే కూలర్‌కి పూర్తిగా దారి వదిలే ప్లేటు వేయించి, ఈసారి బుద్ధిగా నూనె వేడి చూపించే మీటరు కూడా పెట్టించాను. వారం తర్వాత మూత కింద వెన్న లేదు.

అసలు పరీక్ష ఈ జూలైలో. హైవే మీద 95 దాటని ముల్లు, సౌదీ వెళ్ళే కింగ్ ఫహద్ కాజ్‌వే మీద చెక్‌పోస్టు వరుసలో 116కి ఎక్కింది. బండి కదలకపోతే గాలి లేదు, ముందున్న లారీ పొగ తప్ప. మంచి సింథటిక్ నూనె అంత వేడిని తట్టుకుంటుందని తెలుసు, అయినా గంటసేపు నా కళ్ళు ఆ ముల్లు మీదే. తిరిగొచ్చాక కూలర్‌కి చిన్న కరెంటు ఫ్యాను కట్టించాను. రోజూ కాజ్‌వే వరుసల్లో నిలబడేవాళ్ళు నన్ను అడిగితే, కొత్త కంపెనీ డబ్బానే వేయించుకుని కొన్నేళ్ళకోసారి మార్చుకోమంటాను.

రోజూ పొద్దున బండి కింద వంగి చూడటం ఇప్పుడు మా అబ్బాయి పని. నిన్న "నాన్నా, చుక్క!" అని అరిచాడు. ఆఫీసు బ్యాగు అక్కడే పడేసి వేలితో రుద్ది చూశాను. జిడ్డు లేదు. ఏసీ నీళ్ళు.