నడిపేవాడికి మిగిలిన పని

వాన కురిసి వెలిసిన రోడ్డు మీద బండి నడిపేవాళ్లందరికీ ఒక చప్పుడు తెలుసు. టైరు ఎగజిమ్మిన నీళ్లు మడ్‌గార్డు లోపల తగిలి సరసరమంటాయి. అది చెవిన పడగానే, మనం ఆలోచించేలోపే, కాలు యాక్సిలరేటర్ మీంచి కాస్త తేలిపోతుంది. 2018 చివర్లో లాస్ ఏంజెలిస్‌లో పోర్షె కంపెనీ తన 911 స్పోర్ట్స్ కారు ఎనిమిదో తరాన్ని బయటపెట్టినప్పుడు, ఆ చప్పుడు వినే పని కూడా కారుకే అప్పగించింది. ముందు చక్రాల గూళ్లలో అమర్చిన సెన్సర్లు నీటి తుంపర్ల శబ్దాన్ని పసిగడతాయి. రోడ్డు తడిగా ఉంది, వెట్ మోడ్‌లోకి మార్చుకోమని డ్రైవరుకు కబురు పెడతాయి.

మంచి ఏర్పాటే. ప్రాణాలు కాపాడేదే. అయితే నడిపేవాడి చేతిలోంచి, కాలిలోంచి, ఆఖరికి చెవిలోంచి కూడా పని ఎలా జారిపోతూ వచ్చిందో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. పాత స్పోర్ట్స్ కార్లు గొప్పవా, కొత్తవా అని కార్ల పిచ్చి ఉన్నవాళ్లు తెల్లవార్లూ వాదించుకుంటారు. కొందరు అందం గురించి, కొందరు హార్స్‌పవర్ గురించి. నేను చూసే లెక్క వేరు. ఆ కారు తనను నడిపేవాడికి ఎంత పని మిగిల్చింది?

911నే తీసుకుందాం. పాతకూ కొత్తకూ పోలిక పెట్టడానికి అంత వీలైన కారు ఇంకొకటి లేదు. అరవై ఏళ్లుగా అదే పేరు, చూడగానే గుర్తుపట్టే అదే ఆకారం, ఇంజిన్ అదే చోట. 1963 సెప్టెంబరులో ఫ్రాంక్‌ఫర్ట్ మోటార్ షోలో పెట్టినప్పుడు దాని పేరు 901. మధ్యలో సున్నా ఉన్న మూడంకెల పేర్లు మావి అని ప్యూజో కంపెనీ అడ్డం తిరిగితే సున్నా తీసేసి ఒకటి పెట్టారు. ఆకారం గీసింది కంపెనీ పెట్టిన పెద్దాయన మనవడు ఫెర్డినాండ్ అలెగ్జాండర్ పోర్షె. ఇంజిన్ రెండు లీటర్లది, అటు మూడు ఇటు మూడు పడుకోబెట్టిన సిలిండర్లు. దాన్ని చల్లబరిచేది నీళ్లు కాదు, గాలి. 130 హార్స్‌పవర్. మొత్తం బండి బరువు 1,080 కిలోలు.

ఆ ఇంజిన్‌ను తీసుకెళ్లి వెనక ఇరుసుకు కూడా అవతల వేలాడదీశారు. అసలు కథంతా అక్కడే ఉంది. క్యారియర్ మీద బియ్యం బస్తా కట్టుకుని సైకిల్ తొక్కినవాళ్లకు ఈ కారు సంగతి ఎవరూ వివరించనక్కర్లేదు. తిన్నగా పోయినంతసేపూ ఏమీ ఉండదు. మలుపులోనే బరువు తన దారి తాను వెతుక్కుంటుంది. పాత 911తో మలుపులోకి కాస్త వేగంగా దూరి, మధ్యలో భయం వేసి యాక్సిలరేటర్ వదిలామా, బరువు ముందుకు జరిగి వెనక టైర్ల పట్టు సడలుతుంది. తోక బయటికి కొట్టుకొస్తుంది. ఆ క్షణంలో బ్రేకు తొక్కితే ఇంకా పోతుంది. అంటే మనిషికి సహజంగా ఏం చేయాలనిపిస్తుందో సరిగ్గా దానికే శిక్ష వేసే కారు అది. నెమ్మదిగా లోపలికి వెళ్లాలి, మలుపు మధ్యలో యాక్సిలరేటర్ సన్నగా తొక్కి పట్టాలి, బయటికి వచ్చేటప్పుడు పూర్తిగా తొక్కాలి. అప్పుడు అదే వెనక బరువు చక్రాలను నేలకు అదిమి పట్టి బండిని విసిరినట్టు ముందుకు తోస్తుంది. ఇది తెలిసినవాడికి ఆ కారు స్వర్గం, తెలియనివాడికి గుంట.

కంపెనీకి ఈ సంగతి తెలియక కాదు. తొలినాటి 911లలో ముందు బంపర్ రెండు కొసల లోపల ఒక్కోటి 11 కిలోల ఇనప దిమ్మలు దాచారు, ముందు భాగం కాస్త నేల పట్టుకుంటుందని. స్పోర్ట్స్ కారు అంటే గ్రాము గ్రాము తగ్గించుకునే లోకంలో, ఉత్త బరువు కోసం బరువు కట్టారన్నమాట. 1969 మోడల్‌కు వచ్చేసరికి వెనక చక్రాలను 57 మిల్లీమీటర్లు వెనక్కి జరిపారు. కొంత నయమైంది. అంతలోనే 1970ల మధ్యలో టర్బో మోడల్ తెచ్చి, కుదుట పడుతున్న దాన్ని మళ్లీ కదిలించారు. యాక్సిలరేటర్ తొక్కాక ఒక క్షణం ఏమీ జరగదు. తర్వాత 260 హార్స్‌పవర్ ఒక్కసారిగా వచ్చి పడుతుంది. అది సరిగ్గా మలుపు మధ్యలో వచ్చి పడితే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. ఆ కారుకు భార్యలను విధవలను చేసే బండి అని పేరొచ్చింది.

అక్కణ్నుంచి ఇంజనీర్లు చేసినదంతా ఒక మొండి పట్టు చరిత్ర. ఇంజిన్ చోటు మార్చరు, దాని వల్ల వచ్చే తిప్పలన్నీ తప్పిస్తారు. 1989లో వచ్చిన తరానికి పవర్ స్టీరింగ్, చక్రాలు బిగుసుకుపోకుండా ఆపే ఏబీఎస్ బ్రేకులు ఇచ్చారు. 1998తో గాలి చల్లబరిచే ఇంజిన్ ఆగిపోయింది, నీళ్లు వచ్చాయి. పొగ, శబ్దం నిబంధనలు బిగిశాయి. సిలిండర్‌కు నాలుగు వాల్వులు పెట్టి అంత శక్తి లాగాలంటే గాలి చాలదు. అభిమానులు ఏడ్చారు, కంపెనీ కదలలేదు. తర్వాత జారుతున్న కారును చక్రం చక్రానికీ విడిగా బ్రేకు వేసి నిలబెట్టే కంప్యూటర్ వచ్చింది. 2011 నుంచి స్టీరింగ్‌కు కరెంటు మోటారు సాయం. ఇలా ఒక్కో తరానికీ తోక ఊపు తగ్గుతూ వచ్చింది. ఇప్పుడు కొత్త 911ను మలుపులో భయపెట్టాలంటే మామూలు మనిషి వల్ల కాదు.

లెక్కలు చూడండి. 1964 నాటి కారు నిలబడ్డ చోటు నుంచి గంటకు 100 కిలోమీటర్ల వేగం అందుకోవడానికి తొమ్మిది సెకన్లు పట్టేది. 2019 నాటి మామూలు 911 కరేరాకు 385 హార్స్‌పవర్, అదే వేగం 4.2 సెకన్లలో. పాతదాని గరిష్ఠ వేగం 210, కొత్తదానిది 293. ఈ అంకెల్లో పాత కారుకు చెప్పుకోవడానికి ఒక్కటీ లేదు. బ్రేకుల్లో లేదు, భద్రతలో అసలే లేదు. 1964 కారు దేన్నైనా గుద్దుకుంటే ఎయిర్ బ్యాగులు లేవు, ముందు ఇంజిన్ కూడా లేదు, నడిపేవాడి మోకాళ్ల ముందు ఉన్నది పెట్రోలు ట్యాంకు. పాతవి బంగారం అనేవాళ్లు ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకుంటే చాలు.

కానీ ఆ 4.2 సెకన్లను ఏం చేసుకోవాలి? హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద 2023లో వేగ పరిమితిని గంటకు 120 కిలోమీటర్లకు పెంచారు. మన దగ్గర దాదాపు రెండు కోట్లు పోసి కొన్న ఈ కారు అయిదారు సెకన్లలో ఆ పరిమితి దగ్గరికి వచ్చేసి, ఇంకా ఒళ్లు విరుచుకోకముందే ఆగిపోవాలి. దాని ఆనందం ఎక్కడో 180 దగ్గర మొదలవుతుంది, అక్కడికి వెళితే చలానా, లేకపోతే ఆసుపత్రి. పాత కారు ఆనందం 70 దగ్గరే మొదలయ్యేది. స్టీరింగ్‌కు ఏ సాయమూ లేదు కాబట్టి రోడ్డు మీది ప్రతి గతుకూ అరచేతికి తెలిసేది. క్లచ్, బ్రేకు పెడళ్లు పైనుంచి వేలాడవు, నేల మీంచి మొలుస్తాయి, వాటికి కాలు అలవాటు చేసుకోవాలి. తొలి కార్లలో ఒకటో గేరు మనం అనుకునే చోట ఉండదు, ఎడమకు లాగి కిందికి వేయాలి. గేరు తగ్గించేటప్పుడు బ్రేకు తొక్కుతూనే అదే పాదం పక్కభాగంతో యాక్సిలరేటర్‌ను ఒకసారి తట్టి ఇంజిన్ వేగం కలపాలి. ఇప్పుడు ఆ తట్టే పని కూడా కారే చేసుకుంటుంది. మనిషి పని పెడల్ తొక్కడం వరకే.

ఇంకో సంగతి ఎవరూ పెద్దగా మాట్లాడరు, వెడల్పు. పాత 911 వెడల్పు 1,610 మిల్లీమీటర్లు, కొత్తది 1,852. జానెడు కంటే ఎక్కువ తేడా. ఆల్ప్స్ కొండల్లో ఘాట్ రోడ్లు మాత్రం 1964లో ఎంతో ఇప్పుడూ అంతే. సన్న కారుకు తన లైనులోనే అటూ ఇటూ చోటు మిగిలేది, మలుపును ఇలా కోద్దామా అలా కోద్దామా అని ఎంచుకునే వీలుండేది. లావు కారు లైనంతా తానే నిండిపోతుంది. ఎదురుగా వచ్చేవాడిని తప్పుకుంటే చాలన్నదే మిగులుతుంది. బరువు కూడా 1,500 కిలోలు దాటింది. ఆ బరువులో చాలా భాగం గుద్దుకున్నప్పుడు మనిషిని కాపాడే ఉక్కు, అల్యూమినియం. దాన్ని తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. సీటును పద్దెనిమిది రకాలుగా జరిపే మోటార్ల గురించి మాత్రం వస్తుంది.

నిజానికి పాత స్పోర్ట్స్ కారు పుట్టింది వైభవంలో కాదు, పొదుపులో. మామూలు కారు భాగాలు తీసుకుని, తేలికైన ఒళ్లు తొడిగి, అనవసరమైనది పీకేస్తే స్పోర్ట్స్ కారు అయ్యేది. మద్రాసులో తయారై ఒకప్పుడు మన రోడ్ల మీద తిరిగిన స్టాండర్డ్ హెరాల్డ్ ఉంది కదా, ఇంగ్లండ్‌లో ట్రయంఫ్ వాళ్లు 1962లో తెచ్చిన స్పిట్‌ఫైర్ దాని ఛాసిస్‌ను కురచ చేసి కట్టిందే. రెండింటి ఆకారమూ ఇటలీ డిజైనర్ జొవాన్ని మికెలోట్టిదే. ఆ హెరాల్డ్‌కు దొరల దేశంలో ఇలాంటి కొంటె తమ్ముడున్నాడని మన పెద్దవాళ్లలో ఎందరికి తెలుసో! ఫ్రాన్స్‌లో అదే ఏడాది జాఁ రెదెలె అనే ఆయన రెనో కార్ల సామాను మీద ఫైబర్ ఒళ్లు వేసి ఆల్పీన్ ఏ110 తయారు చేశాడు. అది 1973లో మొట్టమొదటి ప్రపంచ ర్యాలీ చాంపియన్‌షిప్ గెలిచింది. 2017లో అదే పేరుతో కొత్త ఆల్పీన్ వచ్చింది. సుమారు 1,100 కిలోలు, ఇంజిన్ మాత్రం వెనక నుంచి మధ్యకు జరిపారు. పోర్షె మొండితనం వాళ్లకు లేదు. జపాన్ మాజ్డా కంపెనీ ఎంఎక్స్-5ను 1989లో తెచ్చింది. 2015 నాటి నాలుగో తరాన్ని ముందుదాని కంటే దాదాపు వంద కిలోలు తగ్గించి, మళ్లీ మొదటిదాని బరువు దరిదాపులకు దింపారు. ఈ పోలికలో కొత్తదే గెలిచిందని నేను ఒప్పుకునే కారు అదొక్కటే. గేరు కర్ర చేతిలో ఉంటుంది, 130 హార్స్‌పవర్ చుట్టుపక్కలే ఉంటుంది, మొత్తం పని మనమే చేయాలి, అయినా ఎయిర్ బ్యాగులుంటాయి.

శబ్దం గురించి ఒక మాట. 2011లో వచ్చిన బీఎండబ్ల్యూ ఎం5లో క్యాబిన్‌లోకి ఇంజిన్ చప్పుడు సరిగా వినపడటం లేదని దాన్ని స్టీరియో స్పీకర్లలోంచి వినిపించారు. సొంత ఇంజిన్ పాటకు ప్లేబ్యాక్! దానికంటే 2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ పక్కన జరిగిన ఫార్ములా-ఈ రేసే నయం. ఆ కరెంటు కార్లు తమకున్న సన్నని కూతనే కూశాయి, లేని గర్జన అరువు తెచ్చుకోలేదు.

పని తగ్గించడమే జనం కోరుకున్నారా అంటే, పోర్షెకే ఒకసారి ఎదురుదెబ్బ తగిలింది. రేసు ట్రాక్ మనుషుల కోసం చేసే జీటీ3 మోడల్‌ను 2013లో ఆటోమేటిక్‌గా మారే గేరుబాక్సుతో మాత్రమే అమ్మింది. అది మనిషి చేతికంటే వేగంగా గేరు మారుస్తుంది, ట్రాక్ మీద కచ్చితంగా ముందుంటుంది, కాబట్టి అదే ఉత్తమం అన్నది ఇంజనీర్ల వాదన. తప్పేమీ లేదు అందులో. కొనేవాళ్లు మాత్రం అలిగారు. 2016లో 911 ఆర్ పేరుతో చేత్తో వేసే గేర్ల కారు 991 మాత్రమే తయారు చేస్తే ఎగబడి కొన్నారు, కొందరు అసలు ధరకు రెట్లకు రెట్లు చెప్పి అమ్మకానికి పెట్టారు. మరుసటి ఏడాది కంపెనీ దిగొచ్చి జీటీ3కి మళ్లీ మామూలు గేర్లు ఇచ్చింది. ఆటోమేటిక్ అయితే వందకు 3.4 సెకన్లు, చేత్తో అయితే 3.9. అర సెకను వెనకబడతామని కాగితం మీద రాసి ఉన్నా, జనం వరుసకట్టి ఆ రెండోదాన్నే అడిగారు.

2024లో 911ను మళ్లీ మార్చారు. డాష్‌బోర్డు నడిమధ్య అరవై ఏళ్లుగా ముల్లుతో తిరుగుతూ ఇంజిన్ వేగం చూపిన టాకోమీటర్ పోయి మొత్తం తెర అయింది. స్టీరింగ్‌కు ఎడమవైపు తిప్పి స్టార్ట్ చేసే అలవాటు పోయి బటన్ వచ్చింది. మామూలు కరేరాలో క్లచ్ పెడల్ దొరకదు. అది కావాలంటే కరేరా టీ అనే రకం తీసుకోవాలి. ఆరు గేర్లు, చేత్తో వేసుకోవాలి, గేరు కర్రకు వాల్‌నట్ చెక్క పిడి. టీ అనే అక్షరం 1967 నాటిది. అప్పట్లో 911 టీ అంటే 110 హార్స్‌పవర్‌తో, ఆ వరుసలో అన్నిటికంటే చవకగా, డబ్బు తక్కువున్నవాళ్ల కోసం చేసిన బండి. ఇప్పటి కరేరా టీ ధర మామూలు కరేరా కంటే ఎక్కువ.