బయటికి పంపవలసింది ఎవరిని?

ఎండాకాలం సెలవుల్లో ఉప్పాడ నుంచి హైదరాబాదు చూడబోయే కుటుంబాలు ఏటా కొన్ని ఉంటాయి. తుపాను వచ్చిన ప్రతిసారీ తీరం వెంబడి రోడ్డునూ ఇళ్ళ గోడలనూ సముద్రానికి అప్పగించి, మళ్ళీ కట్టుకునే ఊరు మాది. ఇక్కడ సెలవుల ప్రయాణమంటే ఏడాది పొడుగునా దాచుకున్న డబ్బు. ఆ డబ్బుతో చార్మినారు, గోల్కొండ, సాలార్జంగ్ మ్యూజియం చూపించి, చివర పిల్లల కోసం ఏదో ఒక వినోద ప్రాంగణానికి తీసుకుపోవడం అందరూ చేసేదే.

మాకు తెలిసిన ఒక కుటుంబం అలాగే వెళ్ళింది. ఆ ప్రాంగణం పేరు ఇక్కడ రాయడం లేదు. సాయంత్రం అక్కడ చరిత్రను రంగుల వెలుగులతో, పెద్ద గొంతుతో చెప్పే ప్రదర్శన ఒకటి ఉంటుందట. తెర మీద ఒక ముస్లిం పాలకుని బొమ్మ కనబడగానే వెనక వరుసల్లో కొందరు యువకులు లేచి నినాదాలు మొదలుపెట్టారు. మొదట ఆ పాలకుని మీద, కొంతసేపటికి ముందు వరుసలో బురఖాతో కూర్చున్న తల్లి మీద. ఏడేళ్ళ పిల్లవాడు తండ్రి చెయ్యి పట్టుకుని, "అబ్బా, వాళ్ళు మనల్నేనా అంటున్నది?" అని అడిగాడు. తండ్రి లేచి సిబ్బంది దగ్గరికి వెళితే, "మీరు కాసేపు బయట కూర్చోండి, గొడవ పెద్దది కాకుండా ఉంటుంది" అన్నారు. టిక్కెట్టు కొన్న కుటుంబం బయట మెట్ల మీద కూర్చుంది. నినాదాలిచ్చినవారు లోపల కూర్చుని ప్రదర్శన మొత్తం చూశారు.

సిబ్బంది మాటలో దురుద్దేశం ఉందని మేము అనడం లేదు. ఆ కుర్రవాడికి ఆ రోజు కూలి, రేపటి ఉద్యోగం ముఖ్యం. పదిమందిని బయటికి పంపడం కంటే నలుగురిని పంపడం తేలిక. కాని అధికారులూ నిర్వాహకులూ పోలీసులూ ఈ తేలికైన లెక్కనే పదేపదే వేసుకోవడం వల్ల మన సమాజం బహిరంగ స్థలాల నుంచి ఒక్కొక్క అడుగు వెనక్కి జరుగుతూ వచ్చింది. అల్లరి చేసినవాడు ప్రేక్షకుడిగానే మిగులుతాడు, అవమానపడినవాడు శాంతికి భంగం కలిగించేవాడవుతాడు. మేము అభ్యంతరం చెబుతున్నది ఈ తారుమారుకు.

ఈ చిక్కు మన దేశానికే పరిమితం కాదు. అమెరికాలోని ఫ్లోరిడాలో వాల్ట్ డిస్నీ వరల్డ్ 1971 అక్టోబరులో తెరిచిన నాటి నుంచి, ఆ దేశాధ్యక్షులందరి కదిలే బొమ్మలను వేదిక మీద నిలిపే మందిరం ఒకటి ఉంది. 1993లో క్లింటన్ మొదలుకొని పదవిలో ఉన్న అధ్యక్షులు తమ గొంతుతోనే దానికి మాటలు రికార్డు చేసి ఇస్తూ వచ్చారు. 2017 డిసెంబరులో ట్రంప్ బొమ్మను చేర్చిన కొద్ది రోజులకే ఒక ప్రేక్షకుడు లేచి ఆ బొమ్మ మీద కేకలు వేశాడు. భద్రతా సిబ్బంది అతణ్ణి బయటికి పంపించారు. అతని అభిప్రాయం ఒప్పా తప్పా అన్నది అక్కడ ప్రశ్న కాలేదు. అతను వ్యతిరేకించిన నాయకుణ్ణి మనలో చాలామంది కూడా వ్యతిరేకిస్తారు. అయినా చుట్టూ కూర్చున్నవారికి ప్రదర్శన చూసే హక్కు ఉంది, దానికి అడ్డుపడినవాడే లేచి వెళ్ళాలి అన్న చిన్న సూత్రం అక్కడ పనిచేసింది. మా ఊరి కుటుంబం విషయంలో పనిచేయనిది అదే.

ఇది పరాయి దేశపు మర్యాద అని కొట్టివేయడానికి వీలులేదు. మన సుప్రీంకోర్టు 1989లోనే, రిజర్వేషన్ల మీద తీసిన ఒక తమిళ చిత్రం వివాదంలో, ఎస్. రంగరాజన్ కేసు తీర్పు ఇచ్చింది. ఆందోళనలు జరుగుతాయన్న బెదిరింపును చూపి ప్రభుత్వం భావప్రకటనను అణచరాదని, ప్రతికూలంగా ఉన్న ప్రేక్షకులను అదుపు చేయలేమని చేతులెత్తేయడం ప్రభుత్వానికి తగదని ఆ తీర్పు సారాంశం. 2019లో ఒక బెంగాలీ చిత్రాన్ని థియేటర్ల నుంచి చాటుగా తీయించినందుకు పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం 20 లక్షల రూపాయల పరిహారం చెల్లించాలని అదే కోర్టు ఆదేశించింది. ఈ తీర్పులు మనకు నచ్చే ప్రదర్శనలతో పాటు నచ్చని ప్రదర్శనలనూ కాపాడతాయి. వాటిని అంగీకరించేటప్పుడు పూర్తిగా అంగీకరించాలి.

ఒకే కళాకారుని విషయంలో ఈ సూత్రాన్ని మరిచిన ఊరొకటి, గుర్తుంచుకున్న ఊరొకటి ఉన్నాయి. 2021 జనవరి 1న ఇండోర్‌లో హాస్యకళాకారుడు మునవ్వర్ ఫారూఖీ ప్రదర్శనను ఒక గుంపు వేదిక మీదికి వచ్చి ఆపింది. పోలీసులు ఆపినవారిని వదిలి ఆయనను పట్టుకుపోయారు. ఫిబ్రవరి 5న సుప్రీంకోర్టు మధ్యంతర బెయిలు ఇచ్చేవరకు నెల రోజులకు పైగా ఆయన జైల్లో ఉన్నారు. ఆ మరుసటి ఏడాది 2022 ఆగస్టు 20న అదే కళాకారుడు హైదరాబాదు శిల్పకళా వేదికలో ప్రదర్శన ఇచ్చారు. అడ్డుకుంటామని గోషామహల్ శాసనసభ్యుడు రాజాసింగ్ ముందే హెచ్చరించారు. పోలీసులు ఆయనను ముందురోజే అదుపులోకి తీసుకున్నారు, ఆడిటోరియం చుట్టూ గట్టి బందోబస్తు పెట్టారు. ప్రదర్శన సాఫీగా సాగింది. తలుచుకుంటే చేయగలరు.

ఆ తరువాత జరిగినదీ చెప్పాలి. రెండు రోజులకే రాజాసింగ్ ప్రవక్త ముహమ్మద్ (స) వారిని కించపరిచే వీడియో విడుదల చేశారు. అరెస్టు, అదే రోజు బెయిలు, నగరంలో నిరసనలు, ఆగస్టు 25న పీడీ చట్టం కింద నిర్బంధం, నవంబరు 9న దాన్ని రద్దు చేస్తూ హైకోర్టు ఉత్తర్వు, ఇవన్నీ వరుసగా వచ్చాయి. విచారణ లేకుండా నిర్బంధించే చట్టాన్ని మేము ఎవరి మీదా కోరుకోము. నేడు వారి మీద ప్రయోగించినది రేపు మన పిల్లల మీదికి రావడం ఎంతసేపు? మామూలు చట్టాన్ని సకాలంలో, గట్టిగా, చివరిదాకా నడిపితే చాలు.

ఇక మన ఇంటి సంగతి. 2007 ఆగస్టు 9న హైదరాబాదు ప్రెస్ క్లబ్బులో తస్లీమా నస్రీన్ నవల తెలుగు అనువాదం విడుదలవుతుండగా, మజ్లిస్ శాసనసభ్యులు ముగ్గురు అనుచరులతో లోపలికి చొరబడ్డారు. చేతికి దొరికిన వస్తువులు విసిరారు. విలేకరులు అడ్డుగా నిలబడి ఆమెను కాపాడవలసి వచ్చింది. ఆమె రాతలు మనల్ని నొప్పించాయి, అది నిజం. అయితే ఆ నొప్పికి మన గ్రంథం చూపిన దారి ఏది? నిసా సూరా 140వ ఆయత్, దైవ వాక్యాలను ఎగతాళి చేస్తుంటే వింటే, వారు వేరే మాటలోకి దిగేవరకు వారితో కూర్చోవద్దని చెబుతుంది. లేచి వచ్చేయమన్నది ఆదేశం. కుర్చీ ఎత్తమని అందులో లేదు. ఉప్పాడ తండ్రి మెట్ల మీద కూర్చోవలసి రావడం అన్యాయమని మేము అనాలంటే, ప్రెస్ క్లబ్బులో జరిగినది తప్పని కూడా అనాలి. పదిహేనేళ్ళకు పైగా ఈ మాటను మనలో మనమే నసిగాము.

మౌనంగా లేచి రావడం ఒక్కటే మన పని అని దీని అర్థం కాదు. నినాదం పుట్టేది వెనక వరుసలోనే అయినా దానికి విత్తనం తరచుగా కథలోనే ఉంటుంది. 2022 మార్చిలో కశ్మీర్ ఫైల్స్ వచ్చినప్పుడు దేశంలో ఎన్నో థియేటర్లలో సినిమా అయిపోగానే లేచిన నినాదాలు మనం విన్నాము. 2024 మార్చి 15న రజాకార్ చిత్రం వచ్చింది. రజాకార్ల దౌర్జన్యాలు జరగలేదని ఏ చదువుకున్న ముస్లిమూ అనడు. వారిని విమర్శించినందుకు 1948 ఆగస్టులో ప్రాణాలు పోగొట్టుకున్న ఇమ్రోజ్ పత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాన్ ముస్లిమే. దేశ్‌ముఖ్‌తో భూమి కోసం పోరాడి హత్యకు గురైన బందగీ ముస్లిమే. రైతాంగ సాయుధ పోరాటానికి గొంతునిచ్చిన మఖ్దూం మొహియుద్దీన్ ముస్లిమే. పోలీసు చర్య తరువాత జరిగిన ఊచకోతలో 27 వేల నుంచి 40 వేల మంది మరణించి ఉంటారని సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసింది. ఆ నివేదిక ప్రజలకు అందుబాటులోకి రావడానికి 2013 వరకు పట్టింది. సెప్టెంబరు 17ను కేంద్రం విమోచన దినమంటుంది, గత రాష్ట్ర ప్రభుత్వం సమైక్యతా దినమన్నది, ఇప్పటి ప్రభుత్వం ప్రజాపాలన దినమంటోంది. పేరు మీదే ఇంత పేచీ ఉన్న చరిత్రను ముప్పావు గంట వెలుగుల ఆటగా కుదించేవారు ఎవరిని చూపిస్తారో, ఎవరిని వదిలేస్తారో అడిగే హక్కు మనకు ఉంది.

అడగవలసిన సమయం మాత్రం కథనం రాసేటప్పుడు. దీనికీ డిస్నీయే ఒక ఉదాహరణ. 1993 నవంబరులో ఆ సంస్థ వర్జీనియాలో, అంతర్యుద్ధపు రణభూమి అయిన మనాసస్‌కు దగ్గరలో, అమెరికా చరిత్ర మీద ఒక పార్కు కడతానన్నది. బానిసత్వాన్ని వినోదంగా ఎలా చూపిస్తారని పేరున్న చరిత్రకారులు ప్రశ్నించారు. ఆ ప్రాంతపు రైతులూ నివాసులూ తమ కారణాలతో తాము ఎదురు నిలిచారు. వ్యాసాలు, సభలు, ప్రజాప్రతినిధుల ముందు సాక్ష్యాలతో ఆ పోరాటం సాగింది. 1994 సెప్టెంబరులో సంస్థ ఆ స్థలాన్ని వదులుకుంది. ఒక్క ప్రేక్షకుడూ కేకవేయవలసిన అవసరం రాలేదు, ఎందుకంటే ఒక్క కుర్చీ కూడా వేయకముందే ఆ మాట తేలిపోయింది.

రేపు మా ఉప్పాడ తీరాన పర్యాటకుల కోసం ఇటువంటి ప్రదర్శన ఒకటి పెడతారనుకుందాం. మా నేతగాళ్ళ జాందానీ చీరకు 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ జాందానీ అన్న మాట పారసీకం నుంచి వచ్చింది, ఆ నేత ఢాకా నుంచి పేరుకెక్కింది. దాన్ని ఇక్కడ మగ్గం మీద నిలబెట్టినవారు తెలుగు నేతగాళ్ళు. ఈ మూడు మాటలూ కలిపి చెప్పే కథనం రాయించగలమా? పక్కనున్న పిఠాపురంలో ఉమర్ ఆలీషా తెలుగులో కావ్యాలూ నాటకాలూ రాశారు, ప్రవక్త (స) వారి చరిత్రను తెలుగువారికి అందించారు, కేంద్ర శాసనసభలో సభ్యుడిగా ఉన్నారు. ఆయన పేరు ఆ ప్రదర్శనలో ఉంటుందా? ఇవి ముందుగా వెళ్ళి అడగవలసిన ప్రశ్నలు. చరిత్ర తెలిసిన మన ఉపాధ్యాయులు, విశ్రాంత ఉద్యోగులు ఈ పనికి ముందుకు రావాలని కోరుతున్నాము.

ప్రదర్శన నడిచేచోట నిర్వాహకులు చేయవలసినది పెద్ద ఖర్చుతో కూడినదేమీ కాదు. నినాదాలిస్తే బయటికి పంపుతామని మొదలుపెట్టే ముందే మైకులో చెప్పడం, అల్లరి మొదలైతే దీపాలు వేసి ప్రదర్శన నిలపడం, ఎవరు అరిచారో వారి దగ్గరికే సిబ్బంది వెళ్ళడం. చీకటిలో అరిచే ధైర్యం దీపం వెలిగితే సగం పోతుందని పెళ్ళి పందిళ్ళలో నాటకాలు చూసిన మా పెద్దలకు బాగా తెలుసు.

కుటుంబాలకు చెప్పదగినది కూడా కొంత ఉంది. ఎదురు నినాదం ఇవ్వవద్దు. మరుసటి రోజు వీడియోలో మిగిలేది అదొక్కటే. సమయం, వరుస, అన్న మాటలు రాసి పెట్టుకోండి, టిక్కెట్టు పారేయవద్దు, సీసీ కెమెరా దృశ్యాలు భద్రపరచమని యాజమాన్యాన్ని లిఖితంగా అడగండి. మతం పేరిట వైరం రేపే మాటలకు 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత 196వ సెక్షను వర్తిస్తుంది. విద్వేష ప్రసంగాల మీద ఫిర్యాదు కోసం ఎదురుచూడకుండానే కేసు నమోదు చేయాలని సుప్రీంకోర్టు 2022 అక్టోబరులో మూడు రాష్ట్రాలకు చెప్పి, 2023 ఏప్రిల్‌లో అన్ని రాష్ట్రాలకూ విస్తరించింది. నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షను ప్రకారం నేరం ఏ ఊళ్ళో జరిగినా ఫిర్యాదు ఏ స్టేషనులోనైనా ఇవ్వవచ్చు. అంటే హైదరాబాదులో జరిగినదానికి ఉప్పాడ మనిషి తిరిగి వచ్చి కొత్తపల్లిలోనే కాగితం ఇవ్వవచ్చు. రైలు టిక్కెట్టు గడువు దాటిపోతుందని నోరు మూసుకుని రావలసిన అవసరం లేదు.

ఆ తండ్రికి ఈ సంగతి అప్పుడు తెలియదు. తిరిగి వచ్చాక నలుగురం కూర్చుని ఆ ప్రాంగణం యాజమాన్యానికి ఉత్తరం రాశాము. అందులో ఎవరినీ శిక్షించమని అడగలేదు. ఆ రోజు మెట్ల మీద కూర్చోబెట్టవలసింది ఎవరినని మాత్రం అడిగాము. రిజిస్టర్డ్ పోస్టు రసీదు మా దగ్గర ఉంది. ఈ వ్యాసం అచ్చుకు వెళ్ళేనాటికి జవాబు రాలేదు.